అర్థమైతే చాలు, అనక్కర్లేదు

ప్రశ్న: మా టీమ్‌లో మాంచెస్టర్, టెక్సస్, మెల్‌బోర్న్ వాళ్లు ఉన్నారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఆ తర్వాత కష్టపడి ఇంగ్లీష్ నేర్చుకున్నాను. ఇప్పుడు టీమ్ రిపోర్టులన్నీ నేనే రాస్తాను, గ్రామర్ తప్పులు రావు. కానీ వాళ్లు మామూలుగా మాట్లాడుకుంటుంటే సగం అర్థం కాదు. మాంచెస్టర్ ఆయన రోజూ ‘యూ ఆల్‌రైట్?’ అని అడుగుతాడు. జబ్బుగా కనిపిస్తున్నానేమో అనుకుని ఒకరోజు నా నడుం నొప్పి సంగతంతా చెప్పాను. ఆయనకు ఏమనాలో తోచలేదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు చాట్‌లో ‘నో క్యాప్’, ‘రిజ్’ అంటుంటారు. అందరూ నవ్వితే నేనూ నవ్వేస్తాను. మా మేనల్లుడు ఒక పెద్ద లిస్టు పంపించి, ‘ఇవి బట్టీ పట్టు అత్తా’ అన్నాడు. వచ్చే నెల ఆఫీసు పని మీద మెల్‌బోర్న్ వెళ్తున్నాను, టెన్షన్‌గా ఉంది. నేనూ వాళ్లలాగే మాట్లాడటం నేర్చుకోవాలా? యాక్సెంట్ కోర్సులో చేరాలా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు ఆ నవ్వు మానేయండి. అర్థం కాని మాటకు నవ్వేసిన ప్రతిసారీ, ఈవిడకు తెలుసు అని అవతలివాళ్లు అనుకుంటారు. ఇంకోసారి అదే మాట ఇంకాస్త వేగంగా వాడతారు. అప్పుడు అడగడం మీకు మరీ ఇబ్బంది అవుతుంది. రోజంతా అలా నటిస్తూ కూర్చుంటే ఎంత అలసటో మీ ఉత్తరంలోనే తెలుస్తోంది.

నేర్చుకోవాలా అంటే, విన్నప్పుడు అర్థమయ్యేంత నేర్చుకోండి. నోటితో అనడం వేరే సంగతి, చాలా మాటల విషయంలో మీకు ఆ అవసరమే లేదు. మీ ఉత్తరంలో రెండు రకాల మాటలు కలిసిపోయి ఉన్నాయి. ‘యూ ఆల్‌రైట్’ ఒక ప్రాంతం మాట. ఆ మాంచెస్టర్ ఆయన చిన్నప్పటి నుంచీ వింటున్నది, ముసలితనంలో కూడా అదే అంటాడు. ‘రిజ్’ ఒక వయసు వాళ్ల మాట. నాలుగేళ్లు పోతే ఆ కుర్రాళ్లే దాన్ని వదిలేసినా ఆశ్చర్యం లేదు. మీ మేనల్లుడి లిస్టులో ఎక్కువగా ఉండేవి రెండో రకానివే. మీకు పని పడేది మొదటి రకంతో. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

‘యూ ఆల్‌రైట్?’ అన్నది బ్రిటన్‌లో పలకరింపు. దానికి ‘యా, యూ?’ అంటే సరిపోతుంది. ఆయన కూడా ‘యా, నాట్ బ్యాడ్’ అని పనిలో పడతాడు. నడుం నొప్పి చెప్పుకోదలిస్తే పనయ్యాక విడిగా చెప్పండి, తప్పకుండా వింటాడు. మాంచెస్టర్ మనిషి కాబట్టి ఇంకొన్ని మాటలు మీ చెవిన పడుతుంటాయి. ‘డెడ్ గుడ్’ అంటే చాలా బాగుందని, చావుతో సంబంధం లేదు. ‘అవర్ కిడ్’ అంటే వాళ్ల అబ్బాయి అనుకుంటారేమో, ఆయన చెబుతున్నది తన అన్న గురించో తమ్ముడి గురించో అయి ఉంటుంది. ‘మైదర్’ అంటే విసిగించడం. సాయంత్రం ఆరింటికి ‘ఐయామ్ ఆఫ్ ఫర్ మై టీ’ అంటే టీ తాగి తిరిగొస్తాడని ఎదురుచూడకండి. ఉత్తర ఇంగ్లండ్‌లో చాలామందికి ‘టీ’ అంటే సాయంత్రం భోజనం, ఆయన ఆ రోజుకి వెళ్లిపోతున్నాడన్నమాట. మీటింగ్ ‘హాఫ్ సెవెన్’కి అంటే ఏడున్నరకి, ఆరున్నరకి కాదు.

మాటల కంటే జాగ్రత్తగా గమనించాల్సింది వాటి బరువు. మీ రిపోర్టు చూసి టెక్సస్ ఆవిడ ‘క్వైట్ గుడ్’ అని రాస్తే అది మెచ్చుకోలు. అదే మాట మాంచెస్టర్ ఆయన రాస్తే చాలాసార్లు ‘ఫర్వాలేదు’ అనే అర్థం, అంటే ఇంకా దిద్దాల్సింది ఏదో ఉందని. ‘ఏ భాగం ఇంకా మెరుగుపరచమంటారు?’ అని మర్యాదగా అడగండి, అప్పుడు చెబుతాడు. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అదే బ్రిటిష్ మనిషి ‘క్వైట్ బ్రిలియంట్’ అంటే మాత్రం నిజంగానే అద్భుతంగా ఉందని. తర్వాత వచ్చే మాట ముందే శిఖరం మీద ఉన్నదైతే ‘క్వైట్’ దాన్ని ఇంకా పైకి లేపుతుంది, మామూలుదైతే కిందికి దించుతుంది. ‘నాట్ బ్యాడ్ ఎట్ ఆల్’ అన్నా సంతోషించవచ్చు. ‘విత్ రెస్పెక్ట్’ అని మొదలుపెడితే మీతో ఏకీభవించడం లేదని తెలుసుకోండి.

బాగా చదువుకున్నవాళ్లు, ఒకే భాష మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా ఇలాంటి చోట తడబడ్డారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ అధికారులు ఒక సమావేశంలో ఒక పత్రాన్ని ‘టేబుల్’ చేయడం గురించి చాలాసేపు, కాస్త ఘాటుగానే వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాశాడు. బ్రిటిష్ వాడుకలో టేబుల్ చేయడమంటే వెంటనే చర్చకు పెట్టడం. అమెరికన్ వాడుకలో ప్రస్తుతానికి పక్కన పెట్టడం. రెండు పక్షాలకూ కావాల్సింది ఒకటేనని చివరికి తేలింది. మీ మీటింగుల్లో ఈ మాట ఎవరన్నా ‘నౌ ఆర్ లేటర్?’ అని అడిగేయండి. ‘ఫోర్ట్‌నైట్’ అంటే బ్రిటన్, ఆస్ట్రేలియా వాళ్లకు రెండు వారాలు, చాలామంది అమెరికన్లు ఆ మాట వాడరు. డెడ్‌లైన్ చెప్పేటప్పుడు తేదీ రాసేయడం అందరికీ క్షేమం.

టెక్సస్ ఆవిడ విషయానికొస్తే, ‘యాల్’ అంటే మీరందరూ అని. ఇంగ్లీష్‌లో ఒకరికీ పదిమందికీ ‘యూ’ ఒకటే కాబట్టి ఒక్కో చోట ఒక్కోలా ఆ లోటు తీర్చుకున్నారు. పిట్స్‌బర్గ్‌లో ‘యిన్జ్’ అంటారు, ఐర్లండ్‌లో ‘యూజ్’ అనేవాళ్లూ ఉన్నారు. ‘ఐయామ్ ఫిక్సింగ్ టు సెండ్ ఇట్’ అంటే ఏదో బాగుచేస్తోందని కాదు, పంపబోతోందని. ‘బ్లెస్ యువర్ హార్ట్’ మాత్రం గొంతును బట్టి మారే మాట. మీకు జ్వరం వచ్చిందని చెప్పినప్పుడు అంటే నిజమైన జాలి. ఎవరో చేసిన పొరపాటు గురించి చెబుతూ, నవ్వుతూ అంటే ‘పాపం, అంతే తెలివి’ అనే ధోరణి. దాన్ని వినడం వరకే పెట్టుకోండి, మీరు వాడొద్దు.

ఈ ప్రాంతీయ మాటలను చులకనగా చూసేవాళ్లంటే నాకు కోపం. వాటి వెనక ఎంత సంపద ఉందో ఒక ఉదాహరణ చెబుతాను. 1965 నుంచి 1970 వరకు అమెరికా అంతటా 1,002 ఊళ్లకు మనుషుల్ని పంపించి, వంటింటి సామాను మొదలుకుని వాన రకాల దాకా ‘దీన్ని మీరేమంటారు?’ అని అడిగి రాయించారు. ఫ్రెడరిక్ క్యాసిడీ నడిపించిన పని అది. దాని నుంచి వచ్చిన అమెరికా ప్రాంతీయ ఇంగ్లీష్ నిఘంటువు మొదటి సంపుటి 1985లో అచ్చయితే, అక్షరక్రమం చివరిదాకా చేరేసరికి 2012 అయింది. మీకు అర్థం కాని మాటల్లో కొన్ని పక్క రాష్ట్రం అమెరికన్‌కు కూడా అర్థం కావు. అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ ఇంగ్లండ్‌లో చాలా బాగుందనడానికి ‘వికెడ్ గుడ్’ అంటారు, ఉత్తర కాలిఫోర్నియాలో ‘హెల్లా గుడ్’ అంటారు. ఫిలడెల్ఫియా వాళ్లు ఏ వస్తువునైనా ‘జాన్’ అనేస్తారు. ఇవన్నీ కలిపి ‘అమెరికన్ ఇంగ్లీష్’ అని ఒక్క ముద్దగా నేర్పే లిస్టులు ఎవరికీ పనికిరావు. మీకు టెక్సస్ ఆవిడ మాట చాలు.

ఇక మెల్‌బోర్న్ ప్రయాణం. ఆస్ట్రేలియా వాళ్లకు మాటను కత్తిరించి చివర ఒక ముద్దు తోక తగిలించడం అలవాటు. ఆఫ్టర్‌నూన్ ‘ఆర్వో’ అవుతుంది, బ్రేక్‌ఫాస్ట్ ‘బ్రెక్కీ’ అవుతుంది, పెట్రోల్ పోయించుకునే సర్వీస్ స్టేషన్ ‘సర్వో’. ‘దిస్ ఆర్వో’ మీటింగ్ అంటే ఈ మధ్యాహ్నమే. మనమంతా వాడే ‘సెల్ఫీ’ కూడా ఆ తోక పుణ్యమే. ఆ మాట మొదట కనిపించింది 2002లో, ఇంటర్నెట్‌లో ఒక ఆస్ట్రేలియన్ రాసినదాంట్లో. 2013లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచారు.

‘హౌ యా గోయింగ్?’ అంటే ఎలా వెళ్తున్నావని కాదు, ఎలా ఉన్నావని. ‘గుడ్, యూ?’ అనండి. ‘యా, నా’ అని రెండూ కలిపి అంటే మీ మాట విన్నాను, కానీ వద్దు అని. ఆ రెండో ముక్కే జవాబు. మీరు ఏదైనా పని చేసిపెట్టమంటే ‘టూ ఈజీ’ అంటారు. ఇంత చిన్న పని అడుగుతావా అని దెప్పడం లేదు, సంతోషంగా చేస్తానని చెప్పడమే. ‘థాంగ్స్’ అంటే అక్కడ కాళ్లకు వేసుకునే రబ్బరు చెప్పులు. ఎవరైనా ఇంటికి పిలిచి ‘బ్రింగ్ ఎ ప్లేట్’ అంటే ఖాళీ పళ్లెం పట్టుకెళ్లకండి, నలుగురితో పంచుకునేలా ఏదైనా తినే పదార్థం తెమ్మని అర్థం. కొత్తగా వెళ్లినవాళ్లు నిజంగా ఖాళీ ప్లేటుతో గుమ్మంలో నిలబడ్డ సంగతులు అక్కడ తరచూ చెప్పుకుంటారు.

వెళ్లేముందు ఒక జాగ్రత్త. అమెరికాలో ఒక జట్టు గెలవాలని కోరుకుంటే ‘రూట్ ఫర్’ అంటారు, టెక్సస్ ఆవిడ నోట మీరు వినే ఉంటారు. ఆస్ట్రేలియాలో ‘రూట్’ లైంగిక సంబంధాన్ని చెప్పే మోటు మాట. అక్కడ ‘బ్యారక్ ఫర్’ అంటారు. ఆ ‘బ్యారక్’ బ్రిటన్‌లో గేలి చేయడం అవుతుంది. పెన్సిల్ రాత చెరిపే ‘రబ్బర్’ బ్రిటన్‌లో బాగానే ఉంటుంది, అమెరికాలో ఆ మాటకు కండోమ్ అనే అర్థం, అక్కడ ‘ఇరేజర్’ అనాలి. ‘పిస్డ్’ అన్నమాట బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో తాగి ఉన్నాడని, అమెరికాలో కోపంగా ఉన్నాడని. మీరు ఎక్కడా అనకండి.

కుర్రాళ్ల మాటల దగ్గరికి వద్దాం. ‘నో క్యాప్’ అంటే అబద్ధం కాదు, నిజంగానే అని. ‘రిజ్’ అంటే ఎదుటివాళ్లను, ముఖ్యంగా నచ్చినవాళ్లను, మాటతో ఆకట్టుకునే నేర్పు. ‘కరిజ్మా’ మధ్యలో ముక్క అది. ఇంటర్నెట్‌లో లైవ్ వీడియోలు చేసే కాయ్ సెనాట్ అనే అమెరికన్ దాన్ని అందరి నోళ్లలో నానేలా చేశాడు, 2023లో ఆక్స్‌ఫర్డ్ ఏటి మాట అయింది. మీ పేరు పక్కన ‘గోట్’ అని రాస్తే మేక అని బాధపడకండి, ‘గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్’, అంటే అందరిలోకీ గొప్ప, అనే పదబంధంలోని మొదటి అక్షరాలవి. మహమ్మద్ అలీ భార్య లానీ 1992లో ఆయన వ్యవహారాలు చూసే కంపెనీకి ఆ పేరే పెట్టింది. పుర్రె బొమ్మ పెడితే నవ్వలేక చచ్చామని. మీరు ‘ఓకే’ రాసి చివర చుక్క పెడితే, కోపంగా ఉన్నారని వాళ్లు అనుకునే వీలుంది. 2015లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఇలాంటి మెసేజ్‌లు చూపించి అడిగితే, చివర చుక్క ఉన్న జవాబుల్లో మనస్ఫూర్తి తక్కువగా ఉందన్నారు. రిపోర్టుల్లో చుక్కలు యథావిధిగా పెట్టండి, చాట్‌లో ఒంటి మాట జవాబులకు వదిలేయండి.

ఇవి తెలిస్తే చాలు. మీరు ‘నో క్యాప్’ అనాల్సిన పని లేదు, అనొద్దనే నా సలహా. ఇలాంటి మాటలు ఒక గుంపు తమను తాము గుర్తుపట్టుకోవడానికి పెట్టుకునేవి. బయటివాళ్లు, అందులోనూ తమకంటే పెద్దవాళ్లు వాడటం మొదలుపెడితే వాళ్లు వేరే మాట వెతుక్కుంటారు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్ వీధి మాటలను ఏరి ఒక నిఘంటువుగా అచ్చువేశాడు. వాటిలో చాలా మాటలు ఇప్పుడు లండన్ వాళ్లకే తెలియవు. ఎప్పుడో ఒకటి బతికి బట్ట కడుతుంది. 1839లో బోస్టన్ పత్రికల వాళ్లు సరదాకు స్పెల్లింగులు తప్పుగా రాసి, వాటిని పొట్టి చేసి ఆడుకుంటున్నప్పుడు పుట్టిందే ‘ఓకే’. దానితో పుట్టిన మిగతావి దాదాపు అన్నీ పోయాయి. ఏది నిలుస్తుందో ముందే చెప్పగలిగినవాళ్లు లేరు. నిలిచేదాకా ఆగి వాడుకుంటే మీకు పోయేదేమీ లేదు.

ఇంకో కారణం కూడా ఉంది, అది నాకు ముఖ్యం. ‘కుర్రాళ్ల ఇంగ్లీష్’ అని మన దాకా వచ్చే మాటల్లో చాలా భాగం నల్లజాతి అమెరికన్ల వాడుక నుంచి వచ్చినవి. ‘క్యాప్’, ‘లిట్’ (అదిరిపోయింది అని), ‘వోక్’ అలాంటివే. ‘స్లే’ (అదరగొట్టడం), ‘షేడ్’ (చాటుగా దెప్పడం) వంటివి న్యూయార్క్‌లోని నల్లజాతి, లాటినో ట్రాన్స్, గే సమాజాల్లో పెరిగి బయటికొచ్చాయి. వాళ్ల నోట ఉన్నప్పుడు ‘చదువు లేని ఇంగ్లీష్’ అని చిన్నచూపు చూసి, పదేళ్ల తర్వాత ఫ్యాషన్‌గా వాడుకోవడం వాళ్లను బాధపెట్టే సంగతి. ‘వోక్’నే చూడండి. జాతి అన్యాయం పట్ల మెలకువగా ఉండమని చెప్పుకున్న మాట, ఇప్పుడు రాజకీయాల్లో తిట్టుగా తిరుగుతోంది. ఆఫీసులో దాని జోలికి వెళ్లకండి.

మరి అర్థం కానప్పుడు ఏం చేయాలి? అడగాలి, వెంటనే, మామూలు గొంతుతో. ‘దట్స్ న్యూ టు మీ, వాట్ డస్ ఇట్ మీన్?’ అంటే చాలు. క్షమాపణలు చెప్పకండి, ‘మై ఇంగ్లీష్ ఈజ్ వీక్’ అని మొదలుపెట్టకండి, అది నిజం కాదు కూడా. తన ఊరి మాట గురించి అడిగితే సంతోషంగా చెప్పేవాళ్లే ఎక్కువ. మాంచెస్టర్ ఆయన్ని ‘మైదర్’ గురించి అడిగి చూడండి. అయితే పదిమంది మీటింగ్‌లో ఒకరు జోకు వేశాక ఆపి అడిగితే ఆ జోకు చచ్చిపోతుంది. అలాంటిది రాసిపెట్టుకుని, తర్వాత చనువున్న ఒకరికి మెసేజ్ పెట్టండి. పనికి సంబంధించిన మాటైతే మాత్రం ఆగొద్దు. మీకు అర్థమైనంత మీ మాటల్లో తిరిగి చెప్పండి: ‘సో యూ వాంట్ ఇట్ బై ఫ్రైడే, రైట్?’

మీ వైపు నుంచి కూడా ఒక సంగతి గమనించాలి. మీరు మాట్లాడేదీ ఒక ప్రాంతం ఇంగ్లీషే, మన దేశం ఇంగ్లీష్. మీరు ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే మనకు అది ప్రశ్న, వాళ్లకు అపనమ్మకంలా వినిపిస్తుంది. ‘ఐ పాస్డ్ అవుట్’ అని కాలేజీ పూర్తిచేసిన సంగతి చెబితే స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. ‘ఐ విల్ రివర్ట్’ అంటే జవాబిస్తానని మన భావం, వాళ్లకు మొదటి స్థితికి వెళ్లిపోవడం. ఇవి తప్పులని చెప్పి మీ నోరు కట్టేయడం నా ఉద్దేశం కాదు. ‘ప్రీపోన్’ ఎంత చక్కటి మాటో చూడండి, వాళ్ల దగ్గర దానికి సరైన జోడీ లేదు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా చేర్చుకుంది. మనవాళ్లతో హాయిగా వాడండి. ఆ టీమ్‌తో ఉన్నప్పుడు ‘క్వశ్చన్’, ‘గ్రాడ్యుయేటెడ్’, ‘రిప్లై’ అనండి. మీ ‘ప్రీపోన్’ గురించి వాళ్లు అడిగితే మీరూ వివరించండి.

యాక్సెంట్ కోర్సు వద్దు. మీ మాట వాళ్లకు అర్థమవుతోందా లేదా అన్నదొక్కటే లెక్క. ఎక్కడైనా వాళ్లు ‘సారీ?’ అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే, ఆ ఒక్క మాటను కాస్త నెమ్మదిగా, ఒత్తు ఎక్కడ పడుతుందో విని సరిచేసుకోండి. టెక్సస్ గొంతు అరువు తెచ్చుకున్నా మాంచెస్టర్ ఆయనకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మేనల్లుడి లిస్టును బట్టీ పట్టకండి, అవసరమైనప్పుడు వెతుక్కోవడానికి ఉంచుకోండి. అర్బన్ డిక్షనరీలో చూస్తే ఒక జాగ్రత్త, అక్కడ ఎవరైనా ఏదైనా రాయవచ్చు, సరదాకు కల్పించిన అర్థాలూ బూతు అర్థాలూ చాలా ఉంటాయి. నమ్మకమైన అర్థం, మాట ఎప్పటిదన్న వివరం కావాలంటే జొనథన్ గ్రీన్ స్లాంగ్ నిఘంటువు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది.

దానికంటే మీకు ఎక్కువ పనికొచ్చేది మీ మీటింగుల రికార్డింగే. మెల్‌బోర్న్ వాళ్లు ఎక్కువగా మాట్లాడిన మీటింగ్ ఒకటి తీసుకుని, క్యాప్షన్లు పెట్టుకుని, పది నిమిషాల ముక్క రెండుసార్లు వినండి. తెలియని మాటను ఒంటరిగా రాసుకోవద్దు. ఎవరన్నారో, ఏ సందర్భంలో అన్నారో, వాక్యం మొత్తం రాయండి. క్యాప్షన్లు ఇలాంటి మాటల దగ్గరే తప్పు చూపిస్తుంటాయి, కాబట్టి అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టుకుని, ప్రయాణానికి ముందు ఆ టీమ్‌లో మీకు చనువున్న మనిషితో ఒక కాల్ పెట్టుకుని ఆ వాక్యాలు ఒక్కొక్కటిగా అడిగేయండి.